పై విలువ: ఎంత దగ్గర?

ఢిల్లీ నడిబొడ్డున ఉన్న పాత పార్లమెంటు భవనం, 2023 నుంచి సంవిధాన్ సదన్ అని పిలుస్తున్న కట్టడం, గుండ్రంగా ఉంటుందని మనందరికీ తెలుసు. ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేసిన ఆ భవనం 1927లో ప్రారంభమైంది. దాని గురించి ప్రచురించే వివరాల్లో రెండు కొలతలు తరచూ కనిపిస్తాయి. వ్యాసం 560 అడుగులు, చుట్టుకొలత మైలులో మూడో వంతు. మైలుకు 5280 అడుగులు కాబట్టి మూడో వంతు అంటే 1760 అడుగులు. ఆ 1760ని 560తో భాగిస్తే సరిగ్గా 22 బై 7 వస్తుంది. బడిలో మనం నేర్చుకున్న పై విలువ అదే. అయితే పై 22 బై 7 కాదు. ఏ రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగానూ దాన్ని రాయలేమని 18వ శతాబ్దంలోనే లాంబర్ట్ నిరూపించాడు. మరి భవనం లెక్క తప్పా అంటే, కాదు. 560 అడుగుల వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత సుమారు 1759.3 అడుగులు. మైలులో మూడో వంతుకూ దీనికీ తేడా ఎనిమిదిన్నర అంగుళాలు. వ్యాసాన్ని అడుగుల్లో సవరించి చెప్పారనుకుంటే, అసలు వ్యాసం అర అడుగు ఎక్కువో తక్కువో కావచ్చు. ఆ ఒక్క కారణంతోనే చుట్టుకొలతలో అడుగున్నర దాకా తేడా వస్తుంది. అంటే కొలతలోని దోషం, 22 బై 7 వల్ల వచ్చే దోషం కన్నా పెద్దది. ఇక్కడ 22 బై 7 చక్కగా సరిపోతుంది. సరిపోతుందని చెప్పడానికి మనకు కారణం ఉంది కాబట్టి ఆ మాట ధైర్యంగా అనగలుగుతున్నాం.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఆ కారణం గురించే. దగ్గరి విలువను వాడటం తప్పు కాదు. ఎంత దగ్గరో తెలియకుండా వాడటం తప్పు. మన బడులు పిల్లలకు దగ్గరి విలువను ఇస్తున్నాయి, ఎంత దగ్గరో చెప్పడం మాత్రం నేర్పడం లేదు. 22 బై 7 చరిత్రే ఇందుకు సాక్ష్యం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమెడీస్ వృత్తం లోపల ఒకటి, బయట ఒకటి 96 భుజాల బహుభుజులు ఊహించి, పై 22 బై 7 కన్నా తక్కువ, 223 బై 71 కన్నా ఎక్కువ అని తేల్చాడు. ఆయన దృష్టిలో 22 బై 7 ఒక ఎగువ హద్దు. దిగువ హద్దును వదిలేసి, ఎగువ హద్దును విలువగా మార్చుకుని మనం తరతరాలుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి గణితంలో పిల్లలు చాలా ఏళ్లు చదివిన మంచి ప్రశ్న ఒకటుంది. చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే పై వస్తుందంటారు, మళ్లీ అది కరణీయ సంఖ్య అంటారు, ఈ రెండూ ఎలా పొసగుతాయి అని. ఏ కొలతా పూర్తి కచ్చితం కాదన్నది దానికి జవాబు. కానీ ఆ తర్వాతి తరగతుల్లో లెక్క మొదట్లోనే పై విలువ 22 బై 7గా తీసుకోండి అనే సూచన వస్తుంది, ఆ మంచి ప్రశ్న అక్కడితో మరుగున పడిపోతుంది.

దాన్ని మళ్లీ బతికించే సాధనాలు ఇప్పుడు పదహారు పదిహేడేళ్ల పిల్లల చేతుల్లోనే ఉన్నాయి. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాద్, ఫరీదాబాద్‌ల్లోని సీబీఎస్ఈ బడుల్లో పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ తీసుకున్న విద్యార్థి పైథాన్ నేర్చుకుంటాడు. అందులో గణిత ప్రమేయాల మాడ్యూలు, యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ర్యాండమ్ మాడ్యూలు పాఠ్యప్రణాళికలో భాగమే. పన్నెండో తరగతిలో మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్, సగటు తీయడం, లెక్కించడం వంటి క్వెరీలు, పైథాన్ ప్రోగ్రాం నుంచే డేటాబేస్‌లోకి వరుసలు పంపడం నేర్చుకుంటాడు. వంద మార్కుల్లో 30 ప్రాక్టికల్‌కు ఉంటాయి. పై విలువను అంచనా కట్టడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. పై మీదే ఎందుకు పట్టు అని అడగవచ్చు. ఈ దేశంలో నిరుద్యోగం ఎంత, ఒక పంట దిగుబడి ఎంత, ఒక నగరంలో గాలి ఎంత చెడింది వంటి ప్రశ్నలకు నిజమైన జవాబు ఎవరి దగ్గరా ముందుగా రాసి ఉండదు. అంచనా మాత్రమే ఉంటుంది, ఆ అంచనా మంచిదో కాదో పోల్చి చూడటానికి అసలు విలువ దొరకదు. పై అలా కాదు. దాని విలువ మనకు కావలసినన్ని అంకెల దాకా తెలుసు. కాబట్టి ఇక్కడ అంచనాను కాకుండా అంచనా కట్టే పద్ధతినే పరీక్షకు పెట్టవచ్చు. జవాబు తెలిసిన చోట పద్ధతిని తూచడం నేర్చుకున్నవాళ్లే, జవాబు తెలియని చోట ఏ సంఖ్యను ఎంతవరకు నమ్మాలో చెప్పగలుగుతారు.

మొదటి సాక్ష్యం ఒక శ్రేణి. ఒకటి లోంచి మూడో వంతు తీసి, అయిదో వంతు కలిపి, ఏడో వంతు తీసి, ఇలా బేసి సంఖ్యలతో సాగిపోతూ వచ్చిన మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే పైకి దగ్గరవుతుంది. యూరప్‌లో దీనికి లైబ్‌నిట్జ్ పేరు పెట్టారు. అంతకు రెండు శతాబ్దాలకు ముందే కేరళలో సంగమగ్రామ మాధవుడికి ఇది తెలుసు. పైథాన్‌లో ఇది నాలుగైదు పంక్తుల ప్రోగ్రాం. మై ఎస్‌క్యూఎల్ ఎనిమిదో వెర్షన్‌లో అయితే తనను తాను మళ్లీ మళ్లీ పిలుచుకునే క్వెరీతో ఒకటి నుంచి వెయ్యి దాకా వరుసలు పుట్టించి, వాటి మొత్తం అడిగితే చాలు. మనం హద్దు పెంచకపోతే ఆ క్వెరీ మామూలుగా వెయ్యి దశలకు మించి పోదు. వెయ్యి పదాలు కలిపితే వచ్చేది 3.140592653. అసలు విలువ 3.141592653. ఈ రెండు సంఖ్యల్నీ పక్కపక్కన రాసి చూడండి. మూడో దశాంశ స్థానంలో ఒకటి ఉండాల్సిన చోట సున్నా ఉంది. దాని తర్వాత తొమ్మిదో స్థానం దాకా అంకెలన్నీ మళ్లీ సరిపోయాయి. ఇది కాకతాళీయం కాదు. వెయ్యి పదాల దగ్గర ఆగితే మిగిలిపోయే దోషం దాదాపు కచ్చితంగా వెయ్యో వంతు. లక్ష దగ్గర ఆగితే లక్షో వంతు. దోషానికి కూడా ఒక క్రమం, ఒక సూత్రం ఉన్నాయి. జవాబు తెలిసిన సంఖ్య కాబట్టే ఆ క్రమం కంటికి కనిపించింది.

దోషానికి సూత్రం ఉందని తెలిస్తే దాన్ని సరిదిద్దవచ్చు. మాధవుడి సంప్రదాయం గొప్పతనం అక్కడే ఉంది. పది పదాలే కలిపితే వచ్చేది 3.0418. మొదటి దశాంశ స్థానమే తప్పిన సంఖ్య ఇది. దీనికి పదిలో ఒక వంతు, అంటే 0.1 కలిపితే 3.1418 అవుతుంది. ఇది తొలి సవరణ. ఆ గణితజ్ఞులు ఇంకా సూక్ష్మమైన సవరణ కూడా ఇచ్చారు. పదిని వర్గం చేసి ఒకటి కలిపి నాలుగుతో గుణిస్తే 404. పది ఘనానికి నాలుగింతలు, పదికి అయిదింతలు కలిపితే 4050. మొదటి దాన్ని రెండో దానితో భాగించి, వచ్చిన దాన్ని, మిగతా దశాంశాలు వదలకుండా ఉంచిన మన పది పదాల మొత్తానికి కలిపితే 3.1415927 వస్తుంది. పది పదాలతో ఆరు దశాంశ స్థానాలు సరిగ్గా వచ్చి, ఏడోది సవరించిన విలువతో సరిపోయింది. యాభై పదాలు కలిపి ఇదే సవరణ చేస్తే మిగిలే దోషం లక్ష కోట్లలో ఒక వంతు కన్నా తక్కువ. సవరణ లేకుండా కేవలం పదాలు పెంచుకుంటూ పోయి పది దశాంశ స్థానాలు రాబట్టాలంటే సుమారు వెయ్యి కోట్ల పదాలు కావాలి. ఆరేడు శతాబ్దాల నాటి పండితులు యంత్రం లేకుండా దాటిన దూరాన్ని, దోషం ఊసెత్తని నేటి ప్రోగ్రాం వేగంతో దాటాలని చూస్తుంది. శ్రేణి ఎందుకు నిజమో వివరించిన యుక్తిభాషను జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దంలో మలయాళంలో రాశాడు. ఇంత లోతైన గణితాన్ని ఒక ద్రావిడ భాషలో, ఇంటి మాటల్లో చెప్పగలమనడానికి అది తిరుగులేని నిదర్శనం. తెలుగులో ఈ మాటలు మాట్లాడుకోవడానికి మనం జంకాల్సిన పని లేదు.

రెండో సాక్ష్యం యంత్రం మౌనంగా చేసే తప్పుల గురించి. ఇదే శ్రేణిని మై ఎస్‌క్యూఎల్‌లో కాకుండా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనో, మన ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్‌లోనో రాశామనుకోండి. నాలుగుతో చేసే గుణకారాన్ని లవంలోకే తెచ్చి, లవం, హారం రెండూ పూర్ణసంఖ్యలుగా రాస్తే, అక్కడ భాగహారం ఫలితం కూడా పూర్ణసంఖ్యే. నాలుగును ఒకటితో భాగిస్తే నాలుగు. నాలుగును మూడుతో భాగిస్తే ఒకటి. నాలుగును అయిదుతో భాగిస్తే సున్నా, ఆ తర్వాతవన్నీ సున్నాలే. నాలుగు లోంచి ఒకటి పోతే మూడు. వెయ్యి వరుసలు కలిపినా, కోటి వరుసలు కలిపినా జవాబు మూడే. ఎక్కడా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు. పైకి మూడు అనే విలువ మన సంప్రదాయానికి కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో స్థూలమైన లెక్కకు మూడును, సూక్ష్మమైన లెక్కకు పది వర్గమూలాన్ని వాడాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా మనం చెప్పుకునేది అదే. అయితే మహావీరుడు మూడును స్థూలమని పేరు పెట్టి, ఎక్కడ వాడాలో చెప్పి వాడాడు. డేటాబేస్ ఆ మాట చెప్పదు. స్థూలమైన సంఖ్యను సూక్ష్మమైన సంఖ్య పక్కనే, అదే ముఖంతో నిలబెడుతుంది. తేడా పట్టుకోవాల్సిన బాధ్యత మనది.

ఇంతకన్నా సూక్ష్మమైన ఉదాహరణ ఆర్కిమెడీస్ పద్ధతిలోనే ఉంది. వృత్తం లోపల షడ్భుజితో మొదలుపెట్టి, భుజాల సంఖ్యను రెట్టింపు చేసుకుంటూ పోవచ్చు. ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, అలా. కొత్త భుజం పొడవుకు పాఠ్యపుస్తకాల్లో ఉండే సూత్రం సులువైనదే. పాత భుజం వర్గాన్ని నాలుగు లోంచి తీసి, వర్గమూలం కట్టి, దాన్ని రెండు లోంచి తీసి, మళ్లీ వర్గమూలం కట్టాలి. గణితంగా ఇందులో లోపమేమీ లేదు. కంప్యూటర్‌లో నడిపితే మొదట్లో ప్రతి రెట్టింపుకూ విలువ మెరుగవుతూ, ఏడెనిమిది అంకెల దాకా చక్కగా కుదురుతుంది. ఆ తర్వాత చెడటం మొదలవుతుంది. ముప్పయి రెట్టింపులు పూర్తయ్యేలోపే జవాబు సున్నాకు పడిపోతుంది. కారణం ఏమిటంటే, భుజం మరీ చిన్నదైనప్పుడు రెండు లోంచి రెండుకు అతి దగ్గరగా ఉన్న సంఖ్యను తీసివేయాల్సి వస్తుంది. యంత్రం సుమారు పదహారు అంకెలే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, ముందున్న ఒకేలాంటి అంకెలన్నీ కొట్టుకుపోయి చివరి పనికిరాని అంకెలు మాత్రం మిగులుతాయి. విరుగుడు కూడా చిన్నదే. ఆ తీసివేతను, పాత భుజం వర్గాన్ని ఒక కూడికతో భాగించే రూపంలోకి మార్చి రాస్తే అదే ప్రోగ్రాం చివరిదాకా నిలకడగా ఉంటుంది. రెండు సూత్రాలూ కాగితం మీద ఒకటే. యంత్రంలో మాత్రం ఒకటి నిజం చెబుతుంది, రెండోది అబద్ధం. ఎక్కువ పని చేయిస్తే ఎక్కువ నిజం వస్తుందనే నమ్మకం ఎంత బలహీనమైనదో చూపడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉందనుకోను.

మూడో సాక్ష్యం డేటాబేస్‌కు సహజమైనది, నా వాదనకు కీలకమైనది. ఒక యూనిట్ భుజమున్న చదరంలో యాదృచ్ఛికంగా చుక్కలు పెడదాం. ఒక మూల కేంద్రంగా యూనిట్ వ్యాసార్థంతో గీసిన పావు వృత్తం లోపల ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కిద్దాం. ఆ వంతును నాలుగుతో గుణిస్తే పై అంచనా. పైథాన్ యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించి రెండు కాలమ్‌ల పట్టికలోకి పంపుతుంది. మై ఎస్‌క్యూఎల్‌లో ఒక షరతు నిజమైతే ఒకటి, కాకపోతే సున్నా కాబట్టి, రెండు కాలమ్‌ల వర్గాల మొత్తం ఒకటికి మించలేదన్న షరతు సగటును నాలుగుతో గుణించమని ఒక్క పంక్తిలో అడగవచ్చు. అంతా పన్నెండో తరగతి పాఠం లోపలి పనే. ఫలితం ఎంత మంచిది? పది వేల చుక్కలకు అంచనా సాధారణంగా 0.016 అటూ ఇటూ ఊగుతుంది. మూడింట రెండు సార్లు అది 3.125, 3.158 మధ్య ఉంటుంది. పది లక్షల చుక్కలకు ఆ ఊపు 0.0016కు తగ్గుతుంది. వంద రెట్లు వరుసలు పెంచితే ఒక్క దశాంశ స్థానం మెరుగవుతుంది. దోషం వరుసల సంఖ్యతో కాక, దాని వర్గమూలంతో తగ్గుతుంది. నమూనా సర్వేలన్నిటినీ పాలించే నియమం ఇదే. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే నుంచి, 2017 నుంచి ఢిల్లీలోని గణాంక శాఖ జరిపిస్తున్న శ్రామిక బలగం సర్వే దాకా, కొన్ని ఇళ్లను ఎంచుకుని దేశమంతటి గురించీ మాట్లాడే ప్రతి సంఖ్య ఈ నియమానికి కట్టుబడే ఉంటుంది.

ఈ ఊపును ఎంతవరకు తగ్గించగలం అనే ప్రశ్నకు చిరస్థాయి జవాబు చెప్పింది మన తెలుగువాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలు పనిచేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు, 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయిన పరిశోధన వ్యాసంలో ఒక కింది హద్దు నిరూపించాడు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకన్నా తక్కువగా ఊగడం అసాధ్యం అని. ప్రపంచం దాన్ని క్రామర్-రావ్ హద్దు అంటుంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర పురస్కారం దక్కింది. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన చుక్కల లెక్క సరిగ్గా ఆ హద్దును తాకుతుంది. చుక్క లోపల పడిందా, బయట పడిందా అనే ఒక్క సమాచారంతో ఇంతకన్నా మెరుగైన నిష్పాక్షిక అంచనా ఎవరూ కట్టలేరు. అయితే పట్టికలో అంతకన్నా ఎక్కువ సమాచారం ఉంది. ఒక్క కాలమ్ తీసుకుని, ఆ సంఖ్య దగ్గర పావు వృత్తం ఎంత ఎత్తుందో లెక్కకట్టి, ఆ ఎత్తుల సగటును నాలుగుతో గుణించమని అడిగితే, అవే వరుసలతో ఊపు దాదాపు సగానికి తగ్గుతుంది. మూడు రెట్లకు మించిన వరుసలు పోగుచేస్తే వచ్చే లాభం, ప్రశ్నను బాగా అడిగినందుకే దక్కింది. ఎక్కువ డేటా పోగుచేయడమే తెలివి అనుకునే ఈ కాలంలో, ఒక పంక్తి క్వెరీని మార్చి రాసి పిల్లలు దీన్ని స్వయంగా చూడగలరు.

దోషం తెలిసినవాడికి మితిమీరిన కచ్చితత్వం కూడా అనుమానం పుట్టిస్తుంది. గీతల కాగితం మీద సూదిని విసిరి, అది గీతను ఎన్నిసార్లు దాటిందో లెక్కించి పై కట్టే పద్ధతిని 18వ శతాబ్దంలో బుఫాన్ చెప్పాడు. 1901లో లాజరీని అనే ఇటలీ గణితజ్ఞుడు 3408 సార్లు విసిరితే 1808 సార్లు దాటిందనీ, 355 బై 113 వచ్చిందనీ ప్రకటించాడు. అది ఆరు దశాంశ స్థానాల దాకా సరైన విలువ. ఒక్కసారి తక్కువగా, 1807 సార్లు దాటి ఉంటే జవాబు 3.143 అయ్యేది. ఒక్కసారి ఎక్కువ దాటి ఉంటే 3.140 అయ్యేది. 3408 విసుర్లలో దాటడాల సంఖ్య సహజంగానే ముప్పయి దాకా అటూ ఇటూ మారుతుంది. అయినా సరిగ్గా కావలసిన సంఖ్య దగ్గరే ప్రయోగం ఆగింది. అందుకే తర్వాతి గణితజ్ఞులు ఆ ఫలితాన్ని నమ్మలేదు. ఎవరి నోటు పుస్తకాన్నీ తనిఖీ చేయకుండా, కేవలం దోషం ఎంత ఉండాలో తెలిసినందువల్ల ఈ నిర్ణయానికి రాగలిగారు. మన ప్రజాజీవితంలో అచ్చయ్యే సర్వేలకు, ఎన్నికల అంచనాలకు ఇదే దృష్టి కావాలి.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, మై ఎస్‌క్యూఎల్‌లోనే పై అనే సిద్ధ ప్రమేయం ఉండగా ఈ శ్రమ ఎందుకు అన్నది. ఆ ప్రమేయాన్ని అడిగితే 3.141593 అని చూపిస్తుంది. అదీ దగ్గరి విలువే, చివరి అంకె సవరించినది. లోపల సుమారు పదహారు అంకెలు దాచుకుని మనకు ఏడే చూపిస్తుంది. సిద్ధంగా దొరికే సంఖ్యకు కూడా హద్దు ఉంటుందని తెలుసుకోవడానికి, కనీసం ఒక్కసారి మన చేతులతో ఆ సంఖ్యను తయారుచేయాలి. రెండోది, డేటాబేస్ ఉన్నది వివరాలు దాచడానికి, శ్రేణులు కూడటానికి కాదన్నది. ఇందులో నిజం ఉంది. వెయ్యి అంకెల పై కావాలంటే డేటాబేస్ తగిన సాధనం కాదు. ఆ పనికి 1914లో రామానుజన్ ఇచ్చిన సూత్రాలు, వాటి బాటలో చుద్‌నోవ్‌స్కీ సోదరులు కనుగొన్న శ్రేణి ఉన్నాయి. 2024 నాటికి 202 లక్షల కోట్ల అంకెల దాకా లెక్క వెళ్లింది. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ గ్రహాంతర నౌకల ప్రయాణానికి వాడేది పదిహేను దశాంశ స్థానాలే. మనకు అంకెల పంట అక్కర్లేదు. కానీ పౌరుల పేర్లు, పింఛన్లు, ఆస్పత్రి రికార్డులు అన్నీ పట్టికల్లోకి వెళ్లాక, వాటి నుంచి సగటులు తీసి విధానాలు రాసేది ఈ క్వెరీలతోనే. పూర్ణసంఖ్యల భాగహారం పైని మూడు చేసినట్టే, ఒక పథకం అందిన కుటుంబాల వంతును సున్నా చేయగలదు.

మూడో అభ్యంతరం ఉపాధ్యాయులది. పరీక్షలు ముంచుకొస్తుంటే కొత్త పాఠానికి సమయం ఎక్కడిది అంటారు. నేను అడుగుతున్నది కొత్త పాఠం కాదు. ప్రాక్టికల్ రికార్డులో ఎలాగూ రాసే ప్రోగ్రాముల్లో ఒకటి, క్వెరీల్లో ఒకటి దీనికి కేటాయిస్తే చాలు. నాలుగోది ఇంకా బరువైనది. కంప్యూటర్ గదే లేని బడుల సంగతేమిటి, ఇది ఉన్నవాళ్ల చదువు కాదా అన్నది. మాధవుడి సవరణకు కంప్యూటర్ అక్కర్లేదు. పది భిన్నాలు, ఒక కూడిక, ఒక భాగహారం. పలకా బలపం ఉన్న ఏ బడిలోనైనా ఒక పీరియడ్‌లో ముగుస్తుంది. అయిదోది ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. ప్రోగ్రాం రాసిపెట్టే కృత్రిమ మేధ అందుబాటులోకి వచ్చాక పిల్లలు ఇవన్నీ రాయడం దేనికని. రాసే పని యంత్రానిదైతే, సరిచూసే పని పూర్తిగా మనిషిదే అవుతుంది. పొందికైన పంక్తులతో, ఏ హెచ్చరికా లేకుండా, జవాబు మూడు అని చెప్పే ప్రోగ్రాంను కాదనగలిగేది దోషం లెక్క తెలిసిన విద్యార్థి ఒక్కడే. చివరిగా, దగ్గరి విలువలు, దోషాలు అంటూ నేర్పితే గణితం మీద పిల్లలకున్న నమ్మకం చెదిరిపోదా అనే భయం. జరిగేది దానికి వ్యతిరేకం. పది పదాల తర్వాత ఎంత దోషం మిగులుతుందో చెప్పే సూత్రం కూడా సిద్ధాంతమే, కాలం మారినా చెక్కుచెదరనిదే. అనిశ్చితిని కూడా నిశ్చయంగా కొలవగలగడమే గణితం బలం.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించింది, ఊరు వదిలి వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలు రాజధానిలో తమ భాషను కోల్పోకుండా చదువుకోవాలని. ఆ సొసైటీ బడుల్లోనూ, చుట్టుపక్కల నగరాల్లోని ఏ బడిలోనైనా, ఈ ఏడాదే మొదలుపెట్టగలిగిన మార్పు ఒకటి చెబుతాను. పై విలువ లెక్కకట్టమన్న ప్రతిచోటా జవాబు కింద ఇంకో పంక్తి అడగండి. ఈ విలువ అసలు దానికి ఎంత దూరంలో ఉండవచ్చు, ఆ మాట ఏ ఆధారంతో అంటున్నావు అని. ఆ పంక్తికి జవాబుతో సమానంగా మార్కులు ఇవ్వండి. 22 బై 7 రాసిన విద్యార్థి, ఇది అసలు విలువలో వెయ్యో వంతులో సగం కన్నా తక్కువ దోషంతో దానికి ఎగువన ఉందని రాస్తే పూర్తి మార్కులు. పదిహేను దశాంశ స్థానాలు రాసి, అవి ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేకపోతే సగమే. ఈ పిల్లల్లో కొందరు రేపు మంత్రిత్వ శాఖల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, గురుగ్రామ్, హైదరాబాద్ కంపెనీల్లో కోట్లమంది జీవితాలను ప్రభావితం చేసే సంఖ్యలు తయారుచేస్తారు. మిగతావాళ్లంతా ఆ సంఖ్యలను వార్తల్లో వింటూ ఓటు వేస్తారు. ఇద్దరికీ కావలసిన అలవాటు ఒకటే. సంఖ్య చెప్పేవాళ్లు దాని హద్దు కూడా చెప్పాలి. వినేవాళ్లు హద్దు చెప్పమని అడగాలి. ఆ అలవాటు చేయించడానికి పై కన్నా తేలికైన, తెరిచి ఉన్న చోటు మన పాఠాల్లో మరొకటి లేదు.